లేదని చెప్పడం రాని వీలుకప్

మొన్న నేనొక ఫైలు ముందేసుకుని కూచుంటే, మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి వెనక నిలబడి కాసేపు స్క్రీన్ చూసి, "ఇంకా వీలుకప్పేనా సార్?" అన్నాడు. వీలుకప్ అంటే ఎక్సెల్‌లో ఒక జాబితాలో పేరు వెతికి దాని పక్కనున్న వివరం తెచ్చిపెట్టే ఫంక్షన్. వెక్కిరింత కాదు, జాలి. అటకమీంచి దించిన సామాను చూసినప్పుడు మొహంలో కనబడే జాలి. "ఎక్స్‌లుకప్ వచ్చి ఇన్నేళ్ళయింది కదా" అని కూడా అన్నాడు. అది వీలుకప్‌కి కొత్త వారసుడు. నిజమే, వచ్చింది. నేనూ వాడతాను. ఆ ఫైలు మాత్రం పాత ఎక్సెల్ ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి కాబట్టి వీలుకప్ రాశాను. అది చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎందుకంటే స్ప్రెడ్‌షీట్లు వాడేవాళ్ళు ఇద్దరు కలిస్తే ఎప్పుడూ ఇదే పంచాయితీ: వీలుకప్పా, అదే పని రెండు ఫంక్షన్లతో చేసే ఇండెక్స్-మ్యాచ్ జోడీనా, ఎక్స్‌లుకప్పా. ఏది వేగం, ఏది ఎడమవైపుకి వెతుకుతుంది, దేనికి తక్కువ టైపింగ్. నేనూ ఆ వాదనల్లో చాలాసార్లు దూరాను, గొంతు కూడా పెంచాను.

ఇప్పుడు నాకనిపించేది వేరు. వెతికింది దొరికినప్పుడు ఇవన్నీ ఒకటే. తేడా బయటపడేది దొరకనప్పుడు. దొరకలేదని మొహమ్మీద చెప్పే ఫంక్షన్ కావాలి నాకు. దొరక్కపోయినా పక్కవాడిది తెచ్చి చేతిలో పెట్టేది ఎంత వేగంగా తెచ్చినా వద్దు. పేర్లు, కోడ్‌లు, వివరణలు, అంటే అంకెలు కాకుండా మాటల్ని పట్టుకుని వెతికేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అంకె తప్పయితే ఒక్కోసారి మొత్తం చూడగానే తెలుస్తుంది. పేరు తప్పయితే తలుపు తట్టేదాకా తెలియదు.

తలుపు అన్నది ఊరికే అనలేదు.

ఒక గదికి ఇద్దరు

కొన్నేళ్ళ క్రితం ఒక రెండురోజుల సమావేశానికి వచ్చేవాళ్ళకి గదుల కేటాయింపు నామీద పడింది. ఒక షీట్‌లో పేరు, గది నంబరు. ఇంకో షీట్‌లో వచ్చేవాళ్ళ జాబితా, ఫోన్ నంబర్లతో. రెంటినీ కలిపి ఒక్కొక్కరికీ మెసేజ్ పంపాలి. వీలుకప్ రాశాను: వెతకాల్సిన పేరు, వెతకాల్సిన చోటు, ఎన్నో కాలమ్. మూడు వివరాలు ఇచ్చాను, ఎంటర్ కొట్టాను, గది నంబరు వచ్చింది. కిందిదాకా లాగాను. అన్నిటికీ నంబర్లు వచ్చాయి. ఒక్క ఎర్రర్ లేదు. పైనుంచి ఓ పదిమందివి సరిచూశాను కూడా, అన్నీ కరెక్ట్.

సాయంత్రం ఒకావిడ (మాధవి అనుకుందాం, అసలు పేరు వద్దులెండి) సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళి తనకొచ్చిన నంబరు గది తలుపు తడితే, లోపల్నుంచి తువ్వాలు భుజాన వేసుకుని మహేష్‌గారు తలుపు తీశారు. ఇద్దరి ఫోన్లలోనూ అదే నంబరు. నన్ను పిలిచారు. అలాంటివి ఇంకో ఆరు తేలాయి ఆ రాత్రి.

జరిగింది ఇది. గదుల షీట్‌ని ఎవరో మొదట్లో అక్షరక్రమంలో పేర్చారు. తర్వాత ఆలస్యంగా పేరిచ్చినవాళ్ళని అడుగున చేర్చుకుంటూ పోయారు. నేను వీలుకప్‌కి నాలుగో వివరం ఇవ్వలేదు. ఇవ్వకపోతే అది ట్రూ అనుకుంటుంది, అంటే "సరిగ్గా అదే దొరక్కపోతే దానికి ముందున్నది ఇవ్వు" అని. పైగా జాబితా క్రమంలో ఉందని నమ్మి, పైనుంచి కిందికి ఒక్కొక్కటీ చూడకుండా మధ్యకి దూకి, అక్కణ్ణుంచి సగం సగం చేసుకుంటూ వెతుకుతుంది. మాధవి పేరు అడుగున ఉంది. వెతుకులాట పైన, క్రమంలో ఉన్న భాగంలో జరిగింది. అక్కడ "మాధవి"కి సరిగ్గా ముందున్న పేరు "మహేష్". ఆయన గది నంబరు తెచ్చి ఈవిడ పక్కన పెట్టింది. పైనున్నవాళ్ళందరికీ సరిగ్గానే వచ్చింది, అందుకే నా పదిమంది పరీక్షలో ఏమీ బయటపడలేదు.

అదే కనక మాధవి పక్కన #ఎన్/ఏ అని, అంటే దొరకలేదన్న ఎర్రర్, వచ్చుంటే? "ఇదేంటి, పేరుంది కదా" అని తిట్టుకుంటూ చూసేవాణ్ణి, రెండు నిమిషాల్లో దొరికేది. ఆ వికారమైన #ఎన్/ఏ ఎంత మర్యాదస్తురాలో ఆ రాత్రి తెలిసొచ్చింది.

తప్పు నాది, కాదనను. నాలుగో వివరం ఇవ్వాలని తెలియనివాణ్ణేం కాదు, తొందరలో మర్చిపోయాను. కానీ మర్చిపోతే ఏం జరుగుతుంది అన్నది కూడా ఒక పరికరం గుణమే కదా. మర్చిపోయినవాణ్ణి మెల్లిగా మోసం చేసేది ఒక రకం, మర్చిపోయావని గుర్తుచేసేది ఒక రకం.

ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది

దీనికి ఎవరినీ తిట్టడానికి లేదు. 1979లో వచ్చిన విజీకాల్క్ అనే పాత స్ప్రెడ్‌షీట్‌లోనే లుకప్ ఉంది, అదీ "ఇంతకన్నా తక్కువలో దగ్గరిది" పద్ధతే. టాక్స్ స్లాబులు, కమీషన్ రేట్లు, మార్కులకి గ్రేడ్లు, ఇలాంటి పట్టికలకి కావలసింది అదే. 73 మార్కులకి పట్టికలో 73 ఉండదు, 70 ఉంటుంది, 70 దగ్గరున్న గ్రేడే కావాలి. అక్కడ "దగ్గరిది" అన్నమాటకి అర్థముంది. 73కి 70 దగ్గర. కానీ మాధవికి మహేష్ దగ్గర ఎలా అవుతాడు? అంకెల కోసం పుట్టిన అలవాటుని మాటల మీద రుద్దారు, అంతే. 1985లో మ్యాకింటాష్ మీద వచ్చిన మొదటి ఎక్సెల్ నుంచీ వీలుకప్ ఉంది. కోట్ల ఫైళ్ళు ఆ డిఫాల్ట్ (మనమేమీ చెప్పకపోతే అదే తీసుకునే పద్ధతి) మీద నడుస్తున్నాయి. ఇవాళ మారిస్తే అవన్నీ రాత్రికి రాత్రి వేరే జవాబులిస్తాయి. అందుకే మార్చరు, మార్చకూడదు కూడా. గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్ కాల్క్ కూడా ఆ డిఫాల్ట్‌నే తెచ్చుకున్నాయి, అదీ సబబే. ఒకే ఫార్ములా అక్కడొకలా ఇక్కడొకలా పనిచేస్తే ఇంకా ఘోరం.

ఇక్కడ ఇండెక్స్-మ్యాచ్ అభిమానులు నవ్వుకుంటుంటారు, వాళ్ళకో మాట. మ్యాచ్‌కి మూడో వివరం ఇవ్వకపోతే అది 1 అనుకుంటుంది, అంటే అదే దగ్గరి వెతుకులాట. అదే గొయ్యి. మీరు ప్రతిసారీ సున్నా, అంటే కచ్చితంగా అదే కావాలని, పెడతారు గనక పడటంలేదు. కాలమ్ మధ్యలో ఇంకోటి దూర్చినా ఫార్ములా చెడదు, ఎడమవైపుకీ చూడగలదు, అన్నీ నిజమే, ఆ రెండు సుగుణాలూ పెద్దవే. వీలుకప్‌లో "3" అని రాసిపెట్టుకుంటే మధ్యలో ఒక కాలమ్ రాగానే ఆ మూడోది ఇంకేదో అయి కూర్చుంటుంది, అదీ చప్పుడు లేకుండానే. కానీ జాబితాలో లేని పేరు దగ్గర ఈ జోడీ వీలుకప్ కంటే నిజాయితీగలదేం కాదు.

ఫాల్స్ పెట్టినా

గదుల గొడవ తర్వాత నేను నాలుగో వివరంలో ఫాల్స్, అంటే "కచ్చితంగా అదే ఇవ్వు" అని, పెట్టకుండా వీలుకప్ రాయలేదు. ఇక భయం లేదనుకున్నాను. తర్వాతెప్పుడో కాగితం షీట్ల సైజుల జాబితా ఒకటి వచ్చింది. సైజులు ఇలా రాసున్నాయి: 12*18, 12*8, 10*15. పక్కన ఒక్కో సైజు ఎన్ని షీట్లు ఉన్నాయో. నేను 12*8 కోసం వెతికితే 12*18 లెక్క ఇచ్చింది. ఫాల్స్ పెట్టాను, కచ్చితంగా అదే కావాలన్నాను, అయినా పక్కదే ఇచ్చింది. చాలాసేపు నా కళ్ళనే అనుమానించాను.

నక్షత్రం గుర్తు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మాటల్ని వెతికేటప్పుడు వీలుకప్‌కీ మ్యాచ్‌కీ నక్షత్రం అంటే "ఇక్కడ ఏమైనా ఉండొచ్చు" అని, ప్రశ్నార్థకం అంటే "ఏదో ఒక అక్షరం" అని. ఫాల్స్ పెట్టినా, కాదు, ఫాల్స్ పెట్టినప్పుడే ఈ వేషం. 12తో మొదలై 8తో అయ్యేది ఏదైనా సరే అని నేను అడిగినట్టు. జాబితాలో 12*18 ముందుంది, అదే ఇచ్చింది. నక్షత్రానికి ముందు టిల్డ, అంటే ఆ అలలాంటి గీత, పెడితే మామూలు గుర్తుగా చూస్తుంది. కానీ అది పెట్టాలని తెలిసేది ఒకసారి దెబ్బతిన్నాకే.

పోనీ నక్షత్రాలన్నీ తీసేసి ఎక్స్ అక్షరం పెడదామని ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి నక్షత్రం బదులు ఎక్స్ అన్నాను. కాలమ్ మొత్తం, ప్రతి సెల్‌లోనూ, ఒక్క ఎక్స్ మిగిలింది. అక్కడా నక్షత్రమంటే "ఏదైనా" మరి! అన్‌డూ కొట్టాను. నక్షత్రం బదులు అడ్డగీత పెట్టమన్న సలహా కూడా ఒకటి వచ్చింది, పెడితే 12-8 కాస్తా తేదీ అయి కూర్చుంటుంది. జన్యుశాస్త్రం వాళ్ళు దీనితోనే విసిగిపోయి 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1, సెప్ట్1 అని రాసుకుంటే ఎక్సెల్ వాటిని తేదీలు చేసేస్తోందని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ మారదు, మనమే పేరు మార్చుకుందాం అన్నమాట. తర్వాత 2023లో ఆ తేదీల మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ ఎక్సెల్‌లో వచ్చింది.

నా దృష్టిలో ఎక్స్‌లుకప్ గొప్పతనం ఇక్కడుంది. 2019 ఆగస్టులో దాన్ని ప్రకటించినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళు చెప్పుకున్న మాట, సమ్, యావరేజ్ తర్వాత జనం ఎక్కువగా వాడే ఫంక్షన్ వీలుకప్పే అని. అంతమంది వాడేదానికి వారసుణ్ణి తెస్తే, దానిలో అందరూ మెచ్చుకున్నవి రెండే: ఎడమవైపుకి వెతుకుతుంది, కాలమ్ లెక్కపెట్టక్కర్లేదు. నేను మెచ్చుకునేది, ఏమీ చెప్పకపోతే అది కచ్చితంగా అదే మాట కోసం వెతుకుతుంది, నక్షత్రాన్ని నక్షత్రంగానే చూస్తుంది. దగ్గరిది కావాలంటే అడగాలి. నక్షత్రానికి అర్థం కావాలంటే అదీ అడగాలి, ఐదో వివరంలో 2 అని. అడగకుండా తెలివి చూపించదు. కింద నుంచి పైకి వెతకమన్నా వెతుకుతుంది, చివరి ఎంట్రీ కావలసినవాళ్ళకి అదో వరం.

కాల్క్ వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. అక్కడ నక్షత్రాలు పనిచేయాలా, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (గుర్తులతో నమూనా రాసి వెతికే పద్ధతి) పనిచేయాలా, రెండూ వద్దా అన్నది సెట్టింగుల్లో ఉంటుంది, పైగా అది డాక్యుమెంట్‌తో పాటు వెళుతుంది. అంటే ఒకే ఫార్ములా, ఒకే జాబితా, రెండు ఫైళ్ళలో రెండు జవాబులు ఇవ్వగలదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఆన్‌లో ఉంటే చుక్కకీ బ్రాకెట్‌కీ కూడా ప్రత్యేక అర్థాలు వచ్చేస్తాయి. ఇంటి పేరుకి పొడి అక్షరాలు చుక్కలతో రాసుకునే మనవాళ్ళ జాబితాల్లో ఇది ఎన్ని చోట్ల తగులుతుందో ఊహించుకోండి. అలాగని ఆ సెట్టింగ్ ఉండటం తప్పనను, కనీసం ఆపుకునే అవకాశం ఇచ్చారు. ఎక్సెల్‌లో, ఒక మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్‌కి ఆ అవకాశమే లేదు.

కంటికి ఒకటే

ఇంతవరకూ లేనిదాన్ని ఉందని చెప్పే రోగం. ఉన్నదాన్ని లేదని చెప్పే రోగం ఇంకోటి. దాన్ని ఫంక్షన్ మీదకి తోయడం అన్యాయం, ఎందుకంటే అది నిజమే చెబుతోంది.

వెబ్ పేజీనుంచి కాపీ చేసిన పేరు చివర ఒక స్పేస్ ఉంటుంది. సరే, అదనపు స్పేసులు తీసేసే ట్రిమ్ వేస్తాం. పోదు. ఎందుకంటే అది మామూలు స్పేస్ కాదు, విడదీయరానిది, కంప్యూటర్ అక్షరాల లెక్కలో 160 నంబరుది. ట్రిమ్‌కి తెలిసింది 32 నంబరు స్పేసే. కనబడని కంట్రోల్ గుర్తులు తీసేసే క్లీన్ కూడా దాన్ని ముట్టుకోదు. ఒక గుర్తు బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌లో యూనీచార్(160), అంటే ఆ నంబరు గుర్తు, అని పెట్టి మామూలు స్పేస్‌గా మార్చి, అప్పుడు ట్రిమ్ చేయాలి. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది సాయంత్రాలు పోగొట్టుకున్నారో. నావి మూడో నాలుగో.

తెలుగులో రాసిన జాబితాలతో ఇంకో తంటా. శ్రీనివాస్ అని రాసి పక్కన, మాట పొడవు లెక్కపెట్టే లెన్ వేసి చూడండి, 10 అంటుంది. అదేమిటి నాలుగక్షరాలే కదా అనకండి, శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా విడివిడిగా లెక్క. ఇదే పేరు ఇంకోచోట్నుంచి వస్తే 11 అనొచ్చు. కొన్ని టైపింగ్ పద్ధతులు పొల్లు తర్వాత కనబడని గుర్తొకటి పెట్టేస్తాయి, రాజ్‌కుమార్‌లో జ కింద క వత్తుగా పోకుండా ఆపుతుందే, అదే. పదం మధ్యలో ఉంటే కంటికి తేడా తెలుస్తుంది. చివరుంటే దేవుడికి కూడా తెలియదు. లెన్‌కి మాత్రం తెలుస్తుంది. దాన్ని ఏ ఫంక్షన్ పట్టించుకుంటుంది, ఏది వదిలేస్తుంది అని పరీక్షలు చేస్తూ కూర్చోవడం మానేశాను నేను. వెతకడానికి మాత్రమే పక్కన ఒక కాలమ్ చేసి అందులో ఆ కనబడని గుర్తుని, యూనీచార్(8204)ని, తీసేస్తాను. అసలు పేరు కాలమ్ ముట్టుకోను, ముట్టుకుంటే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయిపోతాడు, చదివేవాళ్ళకి ఎబ్బెట్టు.

ఇక అంకెల్లాంటి మాటలు. 101 అన్న అంకె, "101" అన్న మాట, వీలుకప్‌కి రెండూ వేరు. వేరనే చెబుతుంది, బాగుంది. కౌంట్‌ఇఫ్‌కి రెండూ ఒకటే. ఈ దయాగుణం పదహారంకెల కోడ్‌ల దగ్గర కొంప ముంచుతుంది. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి మాటలుగా దాచుకున్న రెండు పదహారంకెల కోడ్‌లు చివరి అంకె ఒక్కటే తేడా అయితే కౌంట్‌ఇఫ్ వాటిని డూప్లికేట్లు అంటుంది. "డూప్లికేట్లు తీసేశాం" అని ఎవరైనా ఫైలు పంపితే ఎలా తీశారని నేనడిగేది అందుకే. వాళ్ళకి నేను చాదస్తుడిలా కనబడతాను, పర్వాలేదు.

మాటలో మాట

వెతుకులాటలో ఇంకో రకముంది, దానిమీద నాకు ఇప్పటికీ రెండు మనసులు. పెద్ద వాక్యంలో చిన్న మాటని పట్టుకుని వర్గం రాయడం. ఖర్చుల పద్దులో "పెన్నుల బాక్సు", "పుస్తకానికి అట్ట" లాంటి వివరణలుంటాయి, పక్కన "స్టేషనరీ" అనో "పుస్తకాలు" అనో రావాలి. దీనికి ఎప్పట్నుంచో ఒక చిట్కా తిరుగుతోంది: =లుకప్(2, 1/ఫైండ్(మాటల జాబితా, వివరణ), వర్గాల జాబితా). మొదటిసారి చూసినప్పుడు ఆ 2 ఏమిటో, ఆ 1 కింద భాగహారం ఏమిటో నాకు అర్థం కాలేదు, మంత్రంలా కాపీ చేసుకున్నాను. నిజానికి సులువే. జాబితాలో ప్రతి మాటకీ ఫైండ్ అది వివరణలో ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది, లేకపోతే ఎర్రర్. 1ని దానితో భాగిస్తే ఉన్నచోట 1 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తుంది, లేనిచోట ఎర్రరే. అందులో 2 కోసం వెతకమంటే లుకప్ ఎర్రర్లని దాటేసి, 2 ఎక్కడా లేదు గనక చివరి అంకె దగ్గర ఆగుతుంది. చూశారా, నేను పైన అంత తిట్టిన "దగ్గరిది ఇవ్వు" అలవాటే ఇక్కడ వరం. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

తెలుగులో ఇంగ్లీషులోలా పెద్దబడి చిన్నబడి అక్షరాలు లేవు గనక ఆ తేడా పట్టించుకోని సెర్చ్ అక్కర్లేదు, ఫైండ్ చాలు. పైగా సెర్చ్‌కి మళ్ళీ నక్షత్రాల పిచ్చి ఉంది, ఫైండ్‌కి లేదు.

మరి నా రెండో మనసు? "పెన్" అన్న మాటకి "స్టేషనరీ" అని పెట్టుకున్నాను. పెన్నులు, పెన్సిళ్ళు అన్నీ వచ్చాయి, భలే అనుకున్నాను. నెలాఖరున స్టేషనరీ ఖర్చు చూస్తే గుండాగినంత పని. పెన్షన్ చెల్లింపులన్నీ అక్కడికే చేరాయి. పెన్ తర్వాత ష వచ్చినా, న వచ్చినా, ఫైండ్‌కి పెన్ పెన్నే. "పెన్షన్" అన్న మాటని జాబితాలో "పెన్" తర్వాతి వరసలో చేరిస్తే సరిపోయింది, చివరిది గెలుస్తుంది కదా. కానీ ఇలాంటివి ఎన్నని ముందే ఊహిస్తాం?

రెండువైపులా స్పేస్ పెట్టి మొత్తం పదాన్నే వెతకమంటారు ఇంగ్లీషు చిట్కాలు చెప్పేవాళ్ళు. తెలుగులో అది నడవదు. పుస్తకం, పుస్తకాలు, పుస్తకానికి, పుస్తకాల్లో, మన మాట చివర ఎప్పుడూ ఏదో అతుక్కునే ఉంటుంది. "పుస్తక" అని మొదలు మాత్రమే వెతకాలి, వెతికితే మళ్ళీ పెన్షన్ బెడద. గూగుల్ షీట్స్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతికే రెగెక్స్‌మ్యాచ్ ఉంది కదా, పదం హద్దు గుర్తు పెడదామని చూశాను. దాని వెనకున్న ఆర్‌ఈ2 అనే వెతుకులాట యంత్రాంగానికి పదం హద్దంటే ఇంగ్లీషు అక్షరాల హద్దే. తెలుగు అక్షరాలు దాని లెక్కలో పదమే కాదు, అందుకని ఒక్కటీ దొరకలేదు. కనీసం దొరకలేదనైనా అంది.

ఇంకో గొయ్యి కూడా చెప్పి వదిలేస్తాను. మాటల జాబితాకి రేంజ్ ఇచ్చేటప్పుడు రేపు ఇంకా చేరుస్తాం కదా అని అడుగున ఖాళీ వరసలు కలిపి ఇస్తాం. ఖాళీ మాట ప్రతి వాక్యంలోనూ మొదటి స్థానంలోనే ఉందంటుంది ఫైండ్. చివరిది గెలుస్తుంది. కాబట్టి పద్దు మొత్తానికి ఖాళీ వర్గం, ఎక్సెల్‌లో అయితే వరసగా సున్నాలు. ఇది మాత్రం మంచి గొయ్యే, అన్నీ ఒకేసారి పాడవుతాయి గనక వెంటనే కనబడుతుంది.

అయితే ఎక్స్‌లుకప్పేనా

ఇన్ని చెప్పాక అందరూ ఎక్స్‌లుకప్‌కి మారిపోండి అనాలి నేను. అనలేకపోతున్నాను. ఒకటి, అది ఎక్సెల్ 2016లో లేదు, 2019లో లేదు. గూగుల్ షీట్స్‌లోకి 2022లో, కాల్క్‌లోకి 2024లో 24.8 వెర్షన్‌తో వచ్చింది. పాత ఎక్సెల్ ఉన్నవాళ్ళకి పంపితే తెరవగానే పాత విలువలు బాగానే కనబడతాయి, ఫార్ములా ముట్టుకోగానే #నేమ్?, అంటే ఈ పేరు నాకు తెలియదు, అని బిక్కమొహం వేస్తుంది. ఫైలు మన దగ్గరే ఉండేదయితే ఎక్స్‌లుకప్. ఊళ్ళు తిరిగేదయితే ఇండెక్స్-మ్యాచ్, సున్నా మర్చిపోకుండా. ఇంతవరకూ నాకేం అనుమానం లేదు.

రెండోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. ఎక్స్‌లుకప్‌కి నాలుగో వివరం "దొరక్కపోతే ఏం చూపించాలి" అని. వీలుకప్ కాలంలో ఈ పని ఇఫ్ఎర్రర్ చేసేది. 2007 నుంచీ ఉన్న ఇఫ్ఎర్రర్ మొరటుది, ఏ ఎర్రర్ వచ్చినా, ఫార్ములాలో రేంజ్ పేరు తప్పు కొట్టినా సరే, అన్నిటినీ ఒకే దుప్పటి కింద కప్పేస్తుంది. 2013లో వచ్చిన ఇఫ్ఎన్ఏ నయం, దొరకనిదాన్ని మాత్రమే చూసుకుంటుంది. ఎక్స్‌లుకప్ ఆ మంచి పద్ధతినే లోపల పెట్టుకుంది. కానీ ఆ ఖాళీలో జనం ఏం పెడతారు? రెండు కోట్ గుర్తులు, మధ్యలో ఏమీ లేదు. షీట్ అందంగా ఉంటుంది. అంత నిజాయితీగల ఫంక్షన్ నోట్లో మనమే గుడ్డ కుక్కుతున్నాం.

నా వాదనలోనే ఇక్కడ చిల్లు కనబడుతోంది నాకు. ఫంక్షన్ ఎంత గట్టిగా అరిచినా వినేవాడికి అరుపు నచ్చకపోతే ఏం లాభం? పైవాళ్ళకి పంపే రిపోర్టులో #ఎన్/ఏలు కనబడితే "ఇదేంటి ఫైలు పాడయిందా" అంటారు. ఖాళీగా ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఎర్రర్ చూపించినవాడు తిట్లు తింటాడు, దాచినవాడు తప్పించుకుంటాడు. అలాంటప్పుడు ఏ డిఫాల్ట్ పెట్టినా జనం దాన్ని మూగదాన్ని చేసుకుంటారేమో. ఇఫ్ఎర్రర్ విషయంలో జరిగింది అదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చేసేది, ఖాళీ బదులు "దొరకలేదు" అని తెలుగులో రాయడం, పైన ఒక సెల్‌లో అవి ఎన్నో లెక్క చూపించడం. ఎర్రర్‌లా భయపెట్టదు, ఖాళీలా మాయమవదు. దీన్ని కూడా ఒకాయన "ఆ వరసలు తీసేసి పంపండి" అన్నాడు, అది వేరే కథ.

పేర్లని పట్టుకుని వెతకడమే తప్పు, ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వాలి, అంటారు కంప్యూటర్ చదువుకున్నవాళ్ళు. ఒప్పుకుంటాను. కానీ మన చేతికొచ్చే రెండు జాబితాలు ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో తయారుచేసినవి, వాటిల్లో నంబరు ఉండదు, పేరే ఉంటుంది. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట లక్ష్మీ. దీనికి ఎక్సెల్‌లో జాబితాలు తెచ్చి కలిపే పవర్ క్వెరీలో ఫజ్జీ మెర్జ్ అని ఒకటుంది, పోలిక ఎంత ఉంటే ఒకటే అనుకోవాలో మనమే చెప్పొచ్చు, చెప్పకపోతే 0.8 అనుకుంటుంది. అది కూడా "దగ్గరిది ఇవ్వు" బాపతే కదా అంటే, అవును, కానీ అది పోలికల వేట అని తెలిసే అందులోకి వెళతాం. తెలియకుండా పక్కగదికి పంపదు.

ఆ అబ్బాయి విషయానికొస్తే, పోయిన వారం అతని ఫైలు నా దగ్గరికొచ్చింది. మొత్తం ఎక్స్‌లుకప్పులే, ముచ్చటగా రాశాడు. పైనున్న మొత్తానికీ మాకు తెలిసిన మొత్తానికీ పొంతన లేదు. నాలుగో వివరంలో రెండు కోట్‌లు, అనుకున్నట్టే. వాటి మధ్యలో "దొరకలేదు" అని టైపు చేసి కిందిదాకా లాగాను. 37 లేచాయి. "ఇన్నా!" అన్నాడు. ఇద్దరం కూచుని ఒక్కొక్కటీ చూశాం. 29 ఆ 160 నంబరు స్పేస్ బాపతు, ఒక్క సబ్‌స్టిట్యూట్‌తో పోయాయి. ఐదు లక్ష్మి-లక్ష్మీ రకం, చేత్తో దిద్దాడు. మిగతా మూడు పేర్లు ఎంత వెతికినా మొదటి జాబితాలో నిజంగానే లేవు. వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోవాలి. తనే చేస్తానని నంబర్లు రాసుకున్నాడు.